ఏ పుణ్యాత్ముడి చేతిలో

"ఇదొక్కటీ నువ్వు దిద్దమ్మాయ్," అంటూ పెద్ద మాస్టారు తన కట్టలోంచి ఒక పేపరు తీసి కొత్త టీచరమ్మ ముందుకు తోశాడు.

"అదేంటి మాస్టారూ, మీ కట్టలోది కదా?"

"కళ్ళు లాగుతున్నాయి."

పరీక్ష పేపర్లు దిద్దే ఆ హాలులో పెన్నుల చప్పుడు తప్ప మరొకటి లేదు. పేపర్ల మీద పేర్లుండవు, నంబర్లే. మాస్టారు కోడిగుడ్డు మీద ఈకలు పీకే రకం కాదు. అంచున ఆగిపోయినవాళ్ళకు ఒక మార్కు కలిపి సంతకం పెట్టే అధికారం ఆయనదే. పొద్దుటినుంచి ముగ్గురిని అలా ఒడ్డున పడేశాడు కూడా.

టీచరమ్మ ఎర్ర పెన్ను తీసింది. కర్త 'హి', 'షి' లాంటిదైతే ఇంగ్లిషులో వర్తమాన క్రియ చివర 'ఎస్' తగిలించాలి. ఈ పేపరులో అది సగం చోట్ల ఎగిరిపోయింది. తప్పుకో అరమార్కు కోసుకుంటూ పోయి, చివర కూడి చూసి, "అయ్యయ్యో!" అంది.

"ఏమైంది?"

"ముప్పై నాలుగు. ఒక్క మార్కులో పోయింది మాస్టారూ. పాపం, సంసారం ఈదుతున్న మనిషి. పొయ్యి మీద పాలు పెట్టి, పక్కన పుస్తకం పెట్టుకుని చదివానని వ్యాసంలో రాసింది. ఇది గట్టెక్కితే ఆస్పత్రిలో ఉద్యోగమట. ఇదే ఆఖరి అవకాశమట. ఒక్క సంతకం పెట్టండి."

"పెట్టను."

"మిగతా ముగ్గురికీ పెట్టారుగా!"

"వాళ్ళ సంగతి వేరు."

"ఏం వేరు? ఇంట్లో చెప్పే దిక్కులేక ఇలా రాసిందేమో!"

మాస్టారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "చెప్పేవాళ్ళు ఉండే ఉంటారు. ఓపిగ్గా చెప్పి ఉండరు."

"మీది ఇంత రాతిగుండె అనుకోలేదు," అని టీచరమ్మ విసురుగా పేపరు కట్టలో పెట్టి దారం బిగించింది. లక్కముద్ర పడేదాకా మాస్టారు అక్కడే నిలబడ్డాడు. చెయ్యి ఒకసారి జేబులోని పెన్ను దాకా వెళ్ళి వెనక్కి వచ్చింది.

సాయంత్రం బస్సులు వదిలేసి, ఆయన నడుచుకుంటూనే ఇల్లు చేరాడు. తలుపు తీసిన భార్య, పొంగుతున్న పాల కోసం వంటింట్లోకి పరుగెత్తింది. పొయ్యి పక్కన గట్టు మీద, అట్ట నలిగిన ఇంగ్లిషు వ్యాకరణం పుస్తకం ఇంకా అలాగే ఉంది. ఆయన గుమ్మంలోనే ఆగిపోయాడు.

"నా పేపరు ఏ పుణ్యాత్ముడి చేతిలో పడిందో ఏమోనండీ!" అంది ఆవిడ.