ఆపే స్విచ్

కొత్త పంపును ఆపే స్విచ్ కోసం గోడకి మూడోసారి కన్నం వేయమన్నాడు సూపర్‌వైజర్. నాకు ఒళ్లు మండింది.

“నా చేతికి అందుతోంది, మీ చేతికీ అందుతోంది. ఇంకేం కావాలండీ? పొద్దుట్నుంచీ నా ప్రాణం తోడేస్తున్నారు!”

“ఇంకా కిందికి.”

“మోకాలి ఎత్తులోనా? చూసినవాళ్లు నవ్విపోతారు!”

ఆయన ఇస్త్రీ చొక్కాతోనే పంపు పక్కన తడి నేల మీద బోర్లా పడుకున్నాడు. కుడిచెయ్యి చాచి గోడకి వేలు ఆనించాడు.

“ఇక్కడ పెట్టు.”

ఈయనకి పిచ్చి పట్టిందనుకుంటూనే సుద్దముక్కతో గుర్తు పెట్టాను.

ఆయన లేచి, పైన పాత స్విచ్ పీకేసిన చోటు వైపు చూశాడు.

“పోయినేడు మా అన్న తువ్వాలు ఇక్కడి పాత పంపు తిరిగే షాఫ్టుకి చుట్టుకుంది. కిందపడ్డాక కూడా ఆపుదామని చెయ్యి చాచాడు. జానెడు తక్కువొచ్చింది.”