సగం బొమ్మ

"బొమ్మ చిన్నది చెయ్యకు తల్లీ, ఎముక అంచు చెరిగిపోతుంది" అన్నాడు ముసలాయన, మోకాలు పట్టుకుని.

ఎక్స్‌రే టెక్నీషియన్‌కి ఒళ్లు మండింది. ఆయన మీద కాదు, పెద్ద డాక్టరు మీద.

మోకాలు వంగుతుండగా వీడియో తియ్యాలి, ఎముక ఎంత జరుగుతోందో కంప్యూటరు లెక్కగట్టాలి. బొమ్మ నిండుగా ఉంటే ఒక్కొక్కరికి గంట పడుతుంది. సగానికి కుదిస్తే పది నిమిషాల్లో తేలిపోతుంది. అందుకే కుదించమని డాక్టరుగారి హుకుం.

పొద్దున్నే మెషీన్‌ను సరిచూసే నమూనా మోకాలి వీడియో మాత్రం నిండు సైజులోనే ఉండాలి! ఎవరో పుణ్యాత్ముడు ఇందుకోసమే తన ఎముకలో పెట్టించుకున్న ఏడు లోహపు పూసలుంటాయందులో. వాటి కదలికతో లెక్క కలిస్తేనే మెషీన్ పాసు. మెషీన్‌కో న్యాయం, మనిషికో న్యాయం.

ముసలాయన గోడు ఒక్కటే. మెట్లు దిగుతుంటే మోకాలు జారిపోతోంది.

డాక్టరు సగం బొమ్మ చూసి పెదవి విరిచాడు. "ఎముక ఎక్కడికీ జరగట్లేదు. అంతా మీ భయం."

"నిండు బొమ్మ ఒక్కసారి చూడండి బాబూ."

"నాకే పాఠాలు చెప్తారా?"

ఎముక మీద ఏవో మసక మచ్చలున్నాయని టెక్నీషియన్ నసిగింది. దుమ్మయ్యుంటుంది, తుడవమన్నాడు డాక్టరు. ఆమె నోరు మూసుకుంది. ఉద్యోగం మరి.

ముసలాయన కర్ర అందుకుని గుమ్మం దగ్గర ఆగాడు. "నా మాట నమ్మకపోతే పోనీ. నా ఎముకనైనా నమ్మాల్సింది" అని వెళ్లిపోయాడు.

నాలుగో రోజు స్ట్రెచర్ మీద వచ్చాడు. మెట్ల మీద పడి తుంటి విరిగింది. ఇక లేచి నడవడం కల్ల అన్నారు.

ఆమె తిన్నగా గదిలోకి వెళ్లి, చెరిపెయ్యకుండా దాచిన ఆయన నిండు బొమ్మ తెరిచింది. మోకాలు వంగిన ప్రతిసారీ ఎముక పక్కకి జారుతోంది. చిన్నపిల్లకి చూపించినా చెబుతుంది. ఆమెకి కడుపు రగిలిపోయింది. డాక్టరు మీద కొంత, తన నోటి మీద అంతకు రెట్టింపు.

అప్పుడు కనిపించింది ఆ దుమ్ము. గుండ్రంగా, తెల్లగా, అంచులు తీరి ఉంది. వేలు పెట్టి లెక్కపెట్టింది.

ఏడు.

పైన మూడు, కింద నాలుగు. కళ్లు మూసుకున్నా చెప్పగలదు ఆ వరస.

ఆరేళ్లుగా రోజూ పొద్దున్నే ఆమె మెషీన్‌ను సరిచూసుకుంటున్న మోకాలు ఆయనదే.