పది లెక్కపెట్టేదాకా

“అమ్మా,” అంది అర్పిత, పుష్పవతి మొహంలోకి చూస్తూ.

పుష్పవతి లేచి గోడ వైపు తిరిగి నిలబడింది. వెనకాల పాప అరచేత్తో బల్ల మీద కొట్టింది. “అమ్మా, అమ్మా” అని గొంతు పెంచింది. పాప పూర్తిగా ఊరుకున్నాక పుష్పవతి మనసులో ఒకటి నుంచి పది దాకా లెక్కపెట్టింది. మధ్యలో చిన్న మూలుగు వినపడినా మళ్లీ ఒకటి నుంచి మొదలుపెట్టాలి. అది పద్ధతి.

పది కాగానే ఏమీ జరగనట్టు వచ్చి కూర్చుని, ఒక కార్డు పైకెత్తింది. దాని మీద ఐశ్వర్య ఫోటో ఉంది. ఐశ్వర్య పక్క కుర్చీలోనే కూర్చుని ఉంది.

“ఎవరు?”

పాప కార్డును చూసింది. ఫ్యానును చూసింది.

“అమ్మ,” అని పుష్పవతి అందించింది.

“అమ్మ.”

వెంటనే ఐశ్వర్య మామిడి తాండ్ర ముక్క పాప నోట్లో పెట్టింది. పుష్పవతి కాగితం మీద ఒక గీత గీసింది.

హోసూరులో ఐశ్వర్య భర్త లోకనాథ్ బట్టల కొట్టు మీద ఇల్లు. ఆ ఇంటి ముందు గదే అర్పితకు బడి. పాపకు ఏడేళ్లు. ఆటిజం అని తేలినప్పటి నుంచి ఇంట్లోనే నేర్పిస్తున్నారు. పుష్పవతి బెంగళూరులో మూడు నెలలు ఉండి ఆ పద్ధతి నేర్చుకుంది. రోజూ పొద్దున డెంకణికోట బస్సులో వచ్చి మూడు గంటలకు వెళ్లిపోతుంది. చెప్పులు వేసుకోవడం, చెంచాతో తినడం, దాహమైతే చెంబు చూపించడం, అన్నీ ఆమె చేతి మీదే వచ్చాయి. ఇక మిగిలింది ఒకటే. పాప ఐశ్వర్యను అమ్మా అనాలి, పుష్పవతిని టీచర్ అనాలి.

అదొక్కటే పాపకు కుదరడం లేదు.

“ఈ ఊర్లో పూలమ్మే ఆమెనూ అమ్మా అంటారు, పక్కింటి ఆమెనూ అమ్మా అంటారు. పాపకెట్ల తెలుస్తాది?” అనేవాడు లోకనాథ్.

పాపకు పుష్పవతి కొంగు అంచు వేళ్ల మధ్య నలుపుకోవడం అలవాటు. పుష్పవతి చీర మానేసి చుడీదార్ వేసుకోసాగింది. పాప ఆమె మెడలో మొహం పెట్టి వాసన చూసేది. పుష్పవతి తలనూనె మార్చింది. పాత నూనె సీసా ఐశ్వర్య చేతిలో పెట్టింది.

“నువ్వు రాసుకో. నీ దగ్గరికే వస్తాది.”

ఒకరోజు పాప ముప్పావుగంట ఏడ్చింది. నేల మీద పొర్లి, వచ్చి పుష్పవతి కాళ్లను వెనక నుంచి చుట్టేసుకుంది. పుష్పవతి గోడకేసి చూస్తూ కదలకుండా నిలబడింది.

“ఒక్కసారి తిరిగి చూడక్కా,” అంది ఐశ్వర్య. “నేను చూడలేకుండా ఉండాను.”

“చూస్తే నెల దినాల పని పోతాది. ఇంతసేపు ఏడిస్తేనే చూస్తారని నేర్చుకుంటాది.”

“నీకు మనసెట్ల వస్తాదక్కా?”

“జ్వరమొస్తే నీ దగ్గరికి రావాల. ఆకలైనా నీ దగ్గరికే రావాల. ఈడ ఉండేది నువ్వు గదా, నేను కాదు.”

ఐశ్వర్య కొంగు నోటికి అడ్డం పెట్టుకుని లోపలికి వెళ్లిపోయింది. పుష్పవతి మళ్లీ ఒకటి నుంచి మొదలుపెట్టింది.

ఇంకో రెండు నెలలు గడిచాయి. ఒక శుక్రవారం మధ్యాహ్నం లోకనాథ్ కొట్టులో నుంచి పైకి వచ్చాడు. గుమ్మంలోనే నిలబడి, “ఏదీ, చూపించు,” అన్నాడు.

గదికి ఆ చివర ఐశ్వర్య, ఈ చివర పుష్పవతి నిలబడ్డారు. పాప మధ్యలో ఉంది.

“అమ్మ దగ్గరికి పో,” అంది పుష్పవతి.

పాప పుష్పవతి వైపు చూసింది. పుష్పవతి మొహంలో ఏమీ కనపడనివ్వలేదు. పాప మెల్లగా తిరిగి, నడుచుకుంటూ పోయి ఐశ్వర్య చెయ్యి పట్టుకుంది.

“అమ్మా.”

లోకనాథ్ పుష్పవతిని చూపించాడు. “ఆమె ఎవరు?”

“టీచర్.”

మళ్లీ చేయించాడు. మూడోసారి తాండ్ర ముక్క కూడా ఇవ్వనివ్వలేదు. మూడుసార్లూ పాప తప్పలేదు.

“కృష్ణగిరిలో లాయరు ముందర సంతకం పెట్టినప్పుడు మాట ఇదే గదా,” అన్నాడు లోకనాథ్. “పాప ఐశ్వర్యను అమ్మా అనేదాకానే నువ్వు వచ్చేది. ఇంగ రావద్దు.”

“వారానికొకసారి వచ్చి చూసిపోతాను. నేర్చింది మరిచిపోకుండా.”

“నువ్వు కనపడితే మళ్ల కలగలుపు చేసుకుంటాది. ఆ మాట చెప్పింది నువ్వే గదా?”

చెప్పింది ఆమే.  కార్డులు, గీతల కాగితాలు వరసగా సర్ది ఐశ్వర్యకు అప్పగించింది.

“నువ్వు పోయినాక ఏడిస్తే ఏం చెయ్యాలక్కా?” అని ఐశ్వర్య చిన్నగా అడిగింది.

“గోడ వైపు తిరుగు. పది లెక్కపెట్టు.”

పాప ఏడవలేదు. గుమ్మం దగ్గర చెప్పులన్నీ వరసలో పెట్టుకుంటూ, తల ఎత్తకుండానే, “టీచర్, టాటా,” అంది. అదీ పుష్పవతి నేర్పిందే.

బస్సు ఊరు దాటాక ఫోను మోగింది. డెంకణికోట నుంచి ఆమె తల్లి చెన్నమ్మ.

“యాడుండావే?”

“బస్సులో ఉండాను.”

“పాప ఏమనిందే నిన్ను?”

“టీచర్ అనిందమ్మా. మూడుసార్లు అడిగినారు. మూడుసార్లూ సరిగ్గా చెప్పింది.”



“నువ్వు కన్న బిడ్డ కదే అది!”