ఎకరానికి రెండు టన్నులు

“ఎకరానికి రెండు టన్నుల లైమ్ సరిపోతుందా హైమా? ఇక్కడ అందరూ అంతే వేయిస్తారట.”

సలహా కోసం ఫ్రిస్కో నుంచి నన్ను పిలిపించుకున్నారు అమర్‌నాథ్ గారు. సున్నపురాయి పొడితో ట్రక్ అప్పుడే ఆయన పొలంలోకి వచ్చింది. నాటడానికి తెచ్చిన మూడు వందల బ్లూబెర్రీ మొక్కలు షెడ్ పక్కన ఉన్నాయి. వాటికి ఆమ్లపు నేల కావాలి. సున్నం పడితే ఆ ఆమ్లం పోతుంది. ఇక ఆ మొక్కలు బతకవు.

నేలల మీద నేను చేసిన రీసెర్చ్‌కి తన పేరు పెట్టుకుని, నన్ను లాబ్‌లోంచి వెళ్లగొట్టిన బాస్ ఈయనే.

“సరిపోతుంది సార్,” అన్నాను.

ట్రక్ కదిలింది. దాని వెనక నేలంతా తెల్లబడుతోంది.

“నేలల గురించి నాకేం తెలుసు హైమా! అప్పుడూ తెలీదు. ఆ పేపరంతా నీదే. నీకు అన్యాయం చేశాను.” ఆయన చేతులు జోడించారు. “క్షమించు తల్లీ.”

ఈ ఒక్క మాట వింటే చాలనుకున్నాను, పద్దెనిమిదేళ్లుగా. సగం పొలం ఇంకా ఎర్రగానే ఉంది. ఒక్క కేక వేస్తే ట్రక్ ఆగిపోతుంది.

“సార్, కంచె పక్కన డ్రైవర్ వదిలేస్తున్నాడు,” అన్నాను. “అక్కడ కూడా వేయించండి.”