సగం ఇంజను

"నాలుగేనా?" పుల్లయ్య బానెట్ మీద అరచేత్తో చరిచాడు. "ఎనిమిది సిలిండర్ల బండి అమ్మేసి నాలుగు సిలిండర్లది తెచ్చినావా? మిగతా నాలుగూ యాడ పాయరా?"

కొడుకు వంశీ గేటు దగ్గర నుంచి కదల్లేదు. తెల్లవారుజామున హైదరాబాదులో బయల్దేరి కర్నూలు దాకా తోలుకొచ్చిన కొత్త కారు. దానికి ఇంకా బొట్టు కూడా పెట్టలేదు, అప్పుడే తిట్లు మొదలయ్యాయి.

"ఇప్పుడు ఖరీదైన బండ్లన్నీ ఇంతే నాయనా. ఇంజను చిన్నది చేసి టర్బో పెడ్తాండారు. బయటికి పోయే పొగ ఒక చిన్న ఫ్యాను తిప్పుతాది. ఆ ఫ్యాను గాలిని ఇంజన్లోకి కుక్కుతాది. బలం పాతదాని కంటే ఎక్కువ, పెట్రోలు తక్కువ."

"పెట్రోలు మిగిలించమని నిన్నెవడు అడిగినాడు? నా పానం మిగిలితే చాలు."

ఆ మాట ఊరికే అనలేదు. ఏడేళ్ల కిందట రాతిగని తగాదాలో కంబన్న వేటకొడవళ్లతో మనుషుల్ని ఎక్కించుకుని, కోడుమూరు రోడ్డు మీద పుల్లయ్యను ఇరవై కిలోమీటర్లు తరిమాడు. కంబన్నదీ తక్కువ బండి కాదు. అయినా పాత కారు దానికి అందకుండా కర్నూలు చేర్చింది. అప్పట్నుంచి పుల్లయ్యకు ఆ ఇంజనే ఇలవేల్పు. ఏటా ఆయుధపూజ నాడు బానెట్ ఎత్తి, ఇంజనుకు దండ వేసి, గుమ్మడికాయ పగలగొట్టేవాడు. కంబన్న తరిమిన రోజు బండి తోలిన డ్రైవరు యేసుప్రసాదుకు మాత్రం ఒక కొబ్బరిచిప్ప దక్కేది. స్టీరింగు పట్టుకుంటే ఎవడైనా తోలతాడని పుల్లయ్య నమ్మకం. పదకొండేళ్లుగా ఆ మనిషి వెనక కూర్చుని తిరుగుతున్నా, అతని పెళ్లాం పిల్లల సంగతి ఒక్కనాడూ అడిగిన పాపాన పోలేదు.

ఇప్పుడు కంబన్న బెయిలు మీద బయటికొచ్చాడు. గని లీజు కాగితాల మీద సంతకానికి పుల్లయ్య ఈ రోజే కోడుమూరు పోవాలి. పోకపోతే గని కంబన్నది అవుతుంది.

"నేను చావాలని తెచ్చినట్టుండావు ఈ సగం ఇంజను."

"పాతది అమ్మేసినా. ఉండేది ఇదొక్కటే. పోతే పో, లేకపోతే మానుకో," అని వంశీ తాళం పక్కనే నిలబడిన యేసుప్రసాదు వైపు విసిరి లోపలికి వెళ్లిపోయాడు.

పుల్లయ్య వెనక సీట్లో కూర్చుని తలుపు ధన్‌మని వేసుకున్నాడు. ఊరు దాటేదాకా కొడుకును తిట్టాడు. ఊరు దాటాక డ్రైవరును తిట్టాడు.

"నీకేమనిపిస్తాంది ప్రసాదూ?"

"బాగానే ఉండాది సార్."

"నీకేం తెలుసులే."

కోడుమూరులో సంతకం సజావుగానే అయింది. తిరుగు ప్రయాణంలో పది నిమిషాలు గడిచాయో లేదో, వెనక అద్దంలో నల్ల కారు కనిపించింది. పుల్లయ్య ముందు సీటు పట్టుకుని డ్రైవరు మీదికి వంగాడు.

"కంబన్న బండి. తోలేది వాని డ్రైవరు ఏసన్నే. తొక్కు."

యేసుప్రసాదు తొక్కాడు. బండి ఒక్క క్షణం తటపటాయించింది. ఆ ఒక్క క్షణంలోనే పుల్లయ్య కొడుకును, వాడికి బండి అమ్మినవాణ్ని, ఆ బండిని చేసినవాణ్ని శాపనార్థాలు పెట్టాడు. అంతలో టర్బో అందుకుంది. వీపు సీటుకు అతుక్కుపోయింది. పక్కన పత్తి చేలు గిర్రున వెనక్కి పోతున్నాయి.

నల్ల కారు మాత్రం వదల్లేదు. ముందు సీట్లో కంబన్న మీసం కనిపించేంత దగ్గరికి వచ్చేసింది. పుల్లయ్య తల వంచుకుని సీటులో కిందికి జారాడు. వాగు మలుపు తిరిగాక తలెత్తి చూస్తే నల్ల కారు బాగా వెనకబడి ఉంది. మళ్లీ పుంజుకుని మీదికొచ్చింది. కల్వర్టు దగ్గర మళ్లీ వెనకబడింది. ఇక కనిపించలేదు.

ఇంటి ఆవరణలో కారు ఆగేసరికి పుల్లయ్య చొక్కా తడిసి ముద్దయింది. అయినా ముఖం వెలిగిపోతోంది. వెనక సీట్లోంచే వంశీకి ఫోను చేశాడు.

"నీ సగం ఇంజను ఫరవాలేదురా. కంబన్నకు దుమ్ము తినిపిచ్చింది." ఫోను పెట్టేసి డ్రైవరు వైపు తిరిగాడు. "రేపట్నుంచి నువ్వు రావాకు ప్రసాదూ. ఇది దానంతటదే పోతాంది. వంశీ తోలుకుంటాడులే."

యేసుప్రసాదు అద్దంలోంచి అతన్ని చూశాడు. "కంబన్న బయట ఉండేంతవరకన్నా నన్ను ఉండనీండి సార్."

"నువ్వేమన్నా బండిని భుజాన మోస్తాండావా? అప్పుడు కాపాడింది ఇంజను, ఇప్పుడు కాపాడింది ఇంజను. తాళం ఆడ పెట్టి పో."

యేసుప్రసాదు సీటు బెల్టు విప్పుకున్నాడు. తాళం తీసి పక్కన పెట్టబోతుండగా కారు మొత్తం మోగింది. దారి చూపించడానికి పనికొస్తుందని వంశీ పొద్దున అతని ఫోన్ను బండికి కలిపి పెట్టాడు. తెర మీద ఏసన్న పేరు వెలిగింది. యేసుప్రసాదు కంగారుగా స్టీరింగు మీద ఏదో బొత్తాం నొక్కాడు. ఫోను ఆగలేదు. ఏసన్న గొంతు స్పీకర్లన్నిటిలోంచి వినిపించింది.

"బావా, మా సారు ఇప్పుడే దిగి లోపలికి పోయినాడు. మీరు చేరినారు గదా? అక్కతో చెప్పు, భయపడాకని. నీ కొత్త బండి శానా నయం బావా, ఏడేండ్ల కింద ఆ పాతదానితో దారి పొడుగునా చచ్చినా.

ఈసారి రెండుసార్లే బ్రేకు తొక్కినా."