బడి తలుపు అద్దం

నాయనా, చాదస్తం ముదిరి బడి తలుపు పగలగొట్టానన్నావట. కాదు, పిల్లలు లేని సెలవురోజు చూసి పరీక్షించాను.

టెంపర్డ్ అద్దమైతే నా చేతికర్ర దెబ్బకు చెక్కుచెదరదు. ఒకవేళ పగిలినా కల్లుప్పులా రాలుతుంది, ఎవరినీ కోయదు. ఇది కత్తుల్లాంటి ముక్కలై జారింది.

హెడ్మాస్టరమ్మ తెల్లబోయింది. “బిగించినవాడు బిల్లులో టెంపర్డ్ అనే రాసిచ్చాడండీ మామ్మగారూ. కేసు పెడితే సాక్ష్యం చెబుతారా?”

“నిక్షేపంగా చెబుతాను. వాణ్ణి కన్నది నేనే.”

నీ కూతురు కూడా రోజూ ఆ తలుపే తోసుకుని వెళ్తుంది.

కేసు పెట్టకుండా హెడ్మాస్టరమ్మను వారం ఆగమన్నాను. ఈ కార్డు అందగానే అసలైన అద్దం, మూలన కంపెనీ ముద్ర ఉన్నదే, తెచ్చి బిగించు. వస్తూ నా కర్రకు కొత్త రబ్బరు తొడుగు పట్టుకురా. పాతది ఊడిపోయింది. నువ్వు బిగించిన తలుపులు ఊళ్లో ఇంకా మూడున్నాయి.