నాలుగు కిలోల లోపు దుప్పి

"కొమ్ములు నాలుగు కిలోలు దాటాయో, ఇల్లు వెచ్చబెట్టే కొత్త బాయిలర్ సంగతి మరిచిపోవాల్సిందే. ఈ చలికాలమంతా కోట్లు వేసుకుని పడుకుందాం," అంది బిర్తె.

ఆస్గర్ రొట్టె మీద లివర్ పేస్టు రాసుకుంటూ తల ఊపాడు. పెళ్లాం అన్నదాంట్లో అబద్ధం లేదు. పోలండ్‌లో ఎర్ర దుప్పి వేటంటే బస చవక, తిండి చవక, అడవిలో దారి చూపే మనిషి కూడా చవకే. కొట్టిన దుప్పికి మాత్రం కొమ్ముల బరువును బట్టి డబ్బు కట్టాలి. నాలుగు కిలోల లోపయితే ఒక ధర, దాటితే ఇంకో ధర. ఆ రెండో ధర చూసి ఆస్గర్ కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చూశాడు గానీ, అదేమీ తగ్గలేదు. లోకంలో వేటగాళ్లంతా పెద్ద దుప్పి కనబడాలని కోరుకుంటే, ఈయన చిన్నదే రావాలని కోరుకోవాలి.

"తూకం కాల్చాక కదా వేస్తారు. కాల్చకముందే బరువెలా తెలుస్తుంది?"

"చూసి చెప్పాలి. అలవాటైన కంటికి తెలుస్తుంది."

"నీ కంటికా? మొన్న సూపర్‌మార్కెట్‌లో నేననుకుని బేకరీ ఆవిడ చెయ్యి పట్టుకున్నావు."

ఆస్గర్ మొహం చిన్నబోయింది. సోఫా పైన గోడకి ఒక మేకు ఉంది. పెళ్లయిన కొత్తలో దుప్పి కొమ్ముల కోసం కొట్టాడు. అది ఇప్పటికీ ఖాళీయే. తాముండే జట్లాండ్ అడవుల్లో దుప్పులకేం కొదవ లేదు గానీ, వేట హక్కులన్నీ డబ్బున్నవాళ్ల గుప్పిట్లో ఉన్నాయి.

"వచ్చే ఏడాదికి ఈ మోకాళ్లు మంచె ఎక్కనివ్వవు, బిర్తె," అన్నాడు మెల్లిగా. "వెళితే ఇప్పుడే వెళ్లాలి."

బిర్తె ఆ మేకు వంక చూసింది, ఆయన మోకాళ్ల వంక చూసింది. ఆవిడకి మొగుడంటే ప్రాణం. ఆ మాట ఆయనతో అనే అలవాటు లేదంతే.

"అయితే లే. ప్రేబెన్ దగ్గరున్న కొమ్ములన్నీ పట్టుకురా."

పక్కింటి ప్రేబెన్ దగ్గర ఊరి వేటగాళ్ల సంఘం గది తాళాలుంటాయి. గోడల మీది కొమ్ముల్ని పుర్రెలతో సహా దింపి, తోపుడు బండిలో వేసుకుని తెచ్చాడు. బిర్తె వాటిని చేపలు తూచే కొక్కెం త్రాసుకి తగిలించి, ఏది ఎంతో తనొక్కతే గుర్తు పెట్టుకుంది.

ఇక అప్పట్నుంచి రోజూ సాయంత్రం అదే తంతు. తోట చివర పొదల వెనక బిర్తె కొమ్ములు నెత్తిన పెట్టుకుని, రెండు చేతులా పట్టుకుని నిలబడేది. ఆస్గర్ వంటింటి కిటికీ తెరిచి, బైనాక్యులర్స్‌లోంచి చూసి బరువు చెప్పేవాడు.

"మూడున్నర."

"ఐదు. బాయిలర్ పోయింది."

వాన పడినా మానలేదు. మెడ లాగేసినప్పుడు బిర్తె తల ఒక పక్కకి వాల్చి, కాలు నేలకేసి తట్టి, "తొందరగా చెప్పవయ్యా, కాఫీ చల్లారిపోతోంది," అని కసిరేది.

"వదినా, ఆ కొమ్ములెప్పుడు మొలిచాయి?" అన్నాడు ప్రేబెన్ ఒకరోజు కంచె మీదకి వంగి.

"మీ ఫ్రెండుని కట్టుకున్న రోజే," అంది బిర్తె, కొమ్ములు దించకుండానే.

సెప్టెంబరు వచ్చేసరికి ఆస్గర్ చూపు కుదిరింది. ఏ కొమ్ములు చూపించినా బరువు ఇట్టే చెప్పేస్తున్నాడు. బిర్తె దారికి రొట్టెలు కట్టి, ఊలు మేజోళ్లు సంచిలో కుక్కి, తోడు వెళ్తానన్న ప్రేబెన్ కారులో ఇద్దర్నీ సాగనంపింది. కారు మలుపు తిరిగేదాకా వాకిట్లోనే నిలబడింది. "చిన్నదే రావాలి. కానీ ఒక్కటైనా రావాలి," అని గొణుక్కుని లోపలికొచ్చి, గోడకున్న మేకుని గుడ్డతో తుడిచింది.

వారం తిరిగాక కారు వచ్చింది. డిక్కీలో బట్టల సంచులు తప్ప ఏమీ లేవు. ప్రేబెన్ ఎందుకో బిర్తె మొహం కేసి చూడకుండా, నవ్వాపుకుంటూ తన ఇంట్లోకి వెళ్లిపోయాడు.

"ఒక్కటి కూడా రాలేదా?" బిర్తె గొంతులో దిగులు దాగలేదు.

"వచ్చింది," అన్నాడు ఆస్గర్, గుమ్మంలో కూర్చుని బూట్లు విప్పుకుంటూ. "తెల్లారగట్ల, మంచులోంచి నడుచుకుంటూ మంచె ముందుకే వచ్చింది."

"బరువెక్కువా?"

"మూడు ముప్పావు. దారి చూపే ఆయన కూడా అంతే అన్నాడు."

"మన లెక్కలోదేగా. గురి తప్పిందా?"

"అసలు కాల్చలేదు."

బిర్తె నడుం మీద చేతులు పెట్టుకుంది. "ఆ కొమ్ములు మోసి మోసి నా మెడ పట్టేసింది. చేతికందిన దుప్పిని ఎందుకు వదిలేశావయ్యా?"

ఆస్గర్ ఆ ఖాళీ మేకు వంక చూశాడు. తర్వాత పెళ్లాం వంక చూశాడు. తప్పు చేసిన పిల్లాడిలా తల వంచుకున్నాడు.

"ట్రిగ్గర్ మీద వేలు పెట్టాను. అంతలో అది తల ఒక పక్కకి వాల్చి, కాలు నేలకేసి తట్టి, కాఫీ చల్లారిపోతోంది తొందరగా చెప్పమన్నట్టు చూసింది. నిన్నెలా కాల్చేది, బిర్తె?"